తొలినాటి జర్మన్ సినిమాలు: చూడటం, దాచుకోవటం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసిమ్మని తమ్ముళ్ళు అడిగారు. పోటీ పరీక్షల గురించి, వ్యక్తిత్వ వికాసం గురించి రాయగలిగిన పెద్దలు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. అందుకని నాకిష్టమైన మరో సంగతి ఎంచుకున్నాను. అది వందేళ్ళ కిందట జర్మనీలో తయారైన మూకీ సినిమాల సంగతి.

"జర్మనీ ఎక్కడ, మనమెక్కడ? మాటల్లేని ఆ నలుపు తెలుపు బొమ్మలతో మనకేం పని?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ సినిమాలు వాటంతట అవి మన కాలం దాకా రాలేదు. కంపెనీలు పారేశాయి, కోర్టు నాశనం చెయ్యమంది, యుద్ధం బూడిద చేసింది. అయినా ఎక్కడో ఎవరో ఒక రీలు డబ్బాను దాచిపెట్టబట్టి ఈరోజు మనం వాటిని ఫోనులో కూడా చూడగలుగుతున్నాం. ఏది దాచదగినదో, ఏది పారేయదగినదో ఎవరు నిర్ణయిస్తారు? మన బతుకులకు కూడా సంబంధించిన ప్రశ్న అది. అందుకే ఈ వ్యాసం.

ఎలా మొదలైంది?

సినిమా పుట్టుక అనగానే మనం లూమియేర్ సోదరుల పేరు చెబుతాం. వారు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి సినిమా చూపించింది 1895 డిసెంబరు 28న. అంతకు దాదాపు రెండు నెలల ముందే, నవంబరు 1న, బెర్లిన్‌లోని వింటర్‌గార్టెన్ అనే వినోదశాలలో మాక్స్, ఎమిల్ స్క్లడనోవ్‌స్కీ అనే అన్నదమ్ములు తమ 'బయోస్కోప్' యంత్రంతో కదిలే బొమ్మలు చూపించారు. మనిషితో బాక్సింగ్‌కు దిగిన కంగారూ బొమ్మ కూడా అందులో ఉంది. అయితే వారి యంత్రం రెండు ఫిల్ము చుట్టలతో నడిచే గజిబిజి వ్యవహారం. లూమియేర్ల యంత్రం తేలికైనది, మెరుగైనది. అందుకే చరిత్రలో వారి పేరు ముందు నిలిచింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో విదేశీ సినిమాలు రాకుండా పోవడంతో జర్మనీ సొంతంగా ఎక్కువ సినిమాలు తీసుకోవలసి వచ్చింది. 1917 డిసెంబరులో 'ఊఫా' అనే పెద్ద కంపెనీ ఏర్పడింది. యుద్ధంలో ఓడిపోయి, డబ్బు విలువ పడిపోయి, జనం అల్లాడిపోతున్న రోజుల్లోనే అక్కడ గొప్ప సినిమాలు వచ్చాయి. 1933లో హిట్లర్ అధికారంలోకి రావడంతో ఆ కాలం ముగిసింది. యూదులైన కళాకారులు, ప్రభుత్వానికి నచ్చనివారు ఎందరో దేశం విడిచి వెళ్ళిపోయారు.

ముందుగా చూడవలసినవి

కొత్తగా చూడాలనుకునేవారికి ఐదు చిత్రాలు చెబుతాను.

మొదటిది 'డాక్టర్ కాలిగరి గారి పెట్టె' (1920). దర్శకుడు రాబర్ట్ వీనె. ఇందులో ఇళ్ళు, వీధులు, కిటికీలు అన్నీ వంకరటింకరగా ఉంటాయి. నీడలను, వెలుతురు చారలను కూడా రంగులతో గోడల మీద, నేల మీద వేసేశారు. భయపడిన మనసుకు లోకం ఎలా కనిపిస్తుందో అలాగే సెట్టు కట్టారన్నమాట. దీన్నే ఎక్స్‌ప్రెషనిజం అంటారు.

రెండవది 'చివరి మనిషి' (1924). దర్శకుడు ఎఫ్.డబ్ల్యు. మూర్నౌ. ఒక పెద్ద హోటలు గుమ్మం దగ్గర బంగారు గుండీల కోటు వేసుకుని నిలబడే ముసలి ద్వారపాలకుడి కథ ఇది. ఆ కోటు వల్లే పేదల వాడలో అతనికి గౌరవం. ఒకరోజు బరువైన పెట్టె మోయలేక ఆయాసపడుతుంటే మేనేజరు చూసి, కోటు ఊడదీయించి, మరుగుదొడ్ల దగ్గర తువ్వాళ్ళు అందించే పనిలో పెడతాడు. ఇంట్లో పెళ్ళి నాడు పరువు పోతుందని అతను ఆ కోటును దొంగిలించి తొడుక్కుంటాడు. సంగతి బయటపడ్డాక నిన్నటిదాకా నమస్కారం పెట్టిన ఇరుగుపొరుగే పగలబడి నవ్వుతారు. ఎమిల్ యానింగ్స్ ఈ పాత్రలో భుజాలు, వీపు, నడకతోనే నటించాడు. మనిషికి గౌరవం ఎక్కడి నుంచి వస్తుందో, ఎంత సులువుగా లాగేసుకుంటారో తెలిసిన మన హాస్టల్ పిల్లలకు ఈ కథ అర్థం కావడానికి జర్మన్ భాష అక్కరలేదు. పైగా ఈ సినిమాలో టైటిల్ కార్డులు కూడా దాదాపు లేవు.

మూడవది 'రాకుమారుడు అహ్మద్ సాహసాలు' (1926). లొట్టె రైనిగర్ అనే యువతి నల్లటి అట్టముక్కలను కత్తెరతో కత్తిరించి, కీళ్ళు అతికి, వెనక నుంచి దీపం వెలిగించి, ఒక్కో కదలికను ఒక్కో ఫొటోగా తీసి మూడేళ్ళు కష్టపడి తయారుచేసింది. మన తోలుబొమ్మలాట చూసినవారికి ఇది వెంటనే నచ్చుతుంది. ఇప్పటికీ మిగిలి ఉన్న పూర్తినిడివి యానిమేషన్ సినిమాల్లో అన్నిటికంటే పాతది ఇదే.

నాలుగవది 'మెట్రోపోలిస్' (1927). దర్శకుడు ఫ్రిట్స్ లాంగ్. నేల మీద ఆకాశాన్నంటే మేడల్లో యజమానులు, నేల కింద యంత్రాల మధ్య కార్మికులు బతికే నగరం కథ. చివరికి తలకూ చేతులకూ మధ్య హృదయం ఉండాలని చెప్పి, యజమానికీ కార్మికులకూ చేతులు కలిపించేస్తారు. ఇది మరీ తేలిక పరిష్కారమని అప్పుడే విమర్శలు వచ్చాయి. తర్వాతి కాలంలో లాంగ్ కూడా ఆ ముగింపు తనకు తృప్తినివ్వలేదన్నాడు. సినిమా గొప్పదే, దాని ముగింపుతో పేచీ పెట్టుకోవచ్చు.

ఐదవది 'ఆదివారం నాటి మనుషులు' (1930). ఇందులో నటులెవరూ లేరు. ఒక టాక్సీ డ్రైవరు, గ్రామఫోను రికార్డుల దుకాణంలో పనిచేసే అమ్మాయి వంటి మామూలు మనుషులు సెలవు రోజున చెరువు గట్టుకు వెళ్ళి సరదాగా గడపడమే కథ. డబ్బులేని కుర్రాళ్ళు కలిసి తీసిన సినిమా ఇది. వారిలో రాబర్ట్ సియోడ్‌మాక్, బిల్లీ వైల్డర్ తర్వాత హాలీవుడ్‌లో పెద్ద దర్శకులయ్యారు.

ఎందుకు అరుదైపోయాయి?

మొదటి కారణం ఫిల్ములోనే ఉంది. ఆ రోజుల్లో ఫిల్మును సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసేవారు. అది తుపాకీ మందుకు దగ్గరి చుట్టం. అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు, మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. నిప్పు తగలకపోయినా వేడికి, తేమకు జిగురుగా మారి, చివరికి గోధుమరంగు పొడిగా రాలిపోతుంది. 1950ల తొలినాళ్ళ దాకా ఇదే వాడుకలో ఉంది.

రెండవ కారణం వ్యాపారం. 1929, 30 ప్రాంతంలో మాటలు వచ్చాక మూకీలకు గిరాకీ పోయింది. గోదాము ఖాళీ చెయ్యడానికి, ఫిల్ములోని వెండి తీసుకోవడానికి పాత రీళ్ళను కరిగించేశారు. మూర్నౌ 1920లో తీసిన 'జానుస్ తల' వంటి చిత్రాలకు ఈనాటికీ ఒక్క ప్రింటు కూడా దొరకలేదు.

మూడవ కారణం కత్తెర. మెట్రోపోలిస్ 1927 జనవరి 10న బెర్లిన్‌లో విడుదలైనప్పుడు సుమారు రెండున్నర గంటల సినిమా. డబ్బులు రాలేదని కొన్ని నెలలకే దానిలో దాదాపు నాలుగో వంతు కోసేశారు. కోసిన ముక్కలను ఎవరూ దాచలేదు.

నాలుగవది చట్టం. మూర్నౌ తీసిన 'నోస్ఫెరాటు' (1922) అనే రక్తపిశాచి కథ 'డ్రాకులా' నవలకు అనుమతి లేకుండా చేసిన అనుకరణ. పేర్లు మార్చినా రచయిత బ్రామ్ స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ కేసు వేసి గెలిచింది. ప్రింట్లన్నీ ధ్వంసం చెయ్యాలని 1925లో జర్మన్ కోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటికే కొన్ని ప్రింట్లు విదేశాలకు వెళ్ళిపోయి ఉండటంతో సినిమా బతికిపోయింది. ఆమె అడిగింది న్యాయమే. అయినా ఆ తీర్పు పూర్తిగా అమలై ఉంటే ప్రపంచం ఒక గొప్ప చిత్రాన్ని పోగొట్టుకునేది.

ఐదవది యుద్ధం, ద్వేషం. 1919లో రిచర్డ్ ఆస్వాల్డ్ 'అందరిలాంటివారు కారు' అనే సినిమా తీశాడు. స్వలింగ ప్రేమికులను జైలులో పెట్టే చట్టం అన్యాయమని అది వాదించింది. 1920లో దాని బహిరంగ ప్రదర్శనను నిషేధించారు. నాజీల కాలంలో ప్రింట్లను నాశనం చేశారు. ఇప్పుడు దొరుకుతున్నది కొంత భాగమే. రాకుమారుడు అహ్మద్ అసలు నెగటివ్ 1945 బెర్లిన్ యుద్ధంలో పోయింది. లండన్‌లో మిగిలిన ఒక ప్రింటు ఆధారంగా దాన్ని తర్వాత బాగుచేశారు.

ఎవరు కాపాడారు?

లొట్టె ఐస్నర్ బెర్లిన్‌లో సినిమా విమర్శకురాలు. యూదు స్త్రీ. 1933లో పారిస్ పారిపోయింది. అక్కడ హెన్రీ లాంగ్లువా అనే కుర్రాడు పాత సినిమాలు పోగుచేస్తుంటే అతనితో చేయి కలిపింది. యుద్ధం వచ్చాక ఆమెను నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడి నుంచి బయటపడి మారుపేరుతో దాక్కుంటూ కూడా, దక్షిణ ఫ్రాన్సులో ఒక పాత కోటలో దాచిన రీలు డబ్బాలను తెరిచి ఏ సినిమా ఏదో జాబితా రాసింది. యుద్ధం తర్వాత మూడు దశాబ్దాలు పారిస్ ఫిల్ము సంగ్రహాలయంలో పనిచేసింది. తనను తరిమేసిన దేశపు సినిమాలనే ఆమె కాపాడింది, వాటి మీద పుస్తకాలు రాసింది. 1974లో ఆమెకు జబ్బు చేసిందని తెలిసి జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ మ్యూనిక్ నుంచి పారిస్ దాకా చలిలో నడుచుకుంటూ వెళ్ళాడు. తాను నడిచివస్తే ఆమె బతుకుతుందని అతని నమ్మకం. ఆమె మరో తొమ్మిదేళ్ళు బతికింది.

గెర్హార్ట్ లాంప్రెష్ట్ దర్శకుడు. బెర్లిన్ పేదల గురించి, పెంపుడిళ్ళలో నలిగిపోయే అనాథపిల్లల గురించి సినిమాలు తీశాడు. పాత కెమెరాలు, స్క్రిప్టులు, ఫొటోలు, రీళ్ళు ఎన్నో ఏళ్ళు ఇంట్లో పోగుచేశాడు. ఆ సంపదతోనే 1963లో బెర్లిన్‌లో 'డాయిషె కినెమాటెక్' అనే సంస్థ మొదలైంది. జర్మన్ మూకీల వివరాలతో ఆయన పది సంపుటాల జాబితా కూడా తయారుచేశాడు.

ఇక మెట్రోపోలిస్ కథ. కత్తెర పడకముందే ఒక పంపిణీదారుడు పూర్తి ప్రింటును అర్జెంటీనాకు కొనుక్కుపోయాడు. అది ఒక విమర్శకుడి సొంత సేకరణలోకి చేరింది. ఆ తర్వాత దాని నుంచి 16 ఎం.ఎం. నెగటివ్ తీసుకున్నారు. గీతలు, మరకలు అన్నీ అందులోకి ఎక్కేశాయి. ఒక ఫిల్మ్ క్లబ్ నిర్వాహకుడు, ఆ సినిమా వేసినప్పుడు రీలు ఎగిరిపోకుండా రెండు గంటలకు పైగా ప్రొజెక్టరును వేలితో నొక్కిపట్టుకున్నానని కబుర్లలో చెప్పేవాడు. "ఈ సినిమా అంతసేపు లేదే!" అని ఫెర్నాండో పెన్యా అనే పరిశోధకుడికి అనుమానం వచ్చింది. ఏళ్ళ తరబడి వెంటపడ్డాక, 2008లో మ్యూజియం డైరెక్టరు పౌలా ఫెలిక్స్ దిదియేర్‌తో కలిసి బ్యూనస్ ఎయిర్స్‌లోని సినిమా మ్యూజియంలో ఆ డబ్బాలు తెరిచి చూశాడు. ఎనభై ఏళ్ళుగా పోయిందనుకున్న ఇరవై అయిదు నిమిషాల సినిమా అందులో ఉంది. 2010 ఫిబ్రవరి 12న బెర్లిన్ చలనచిత్రోత్సవంలో దాదాపు పూర్తి సినిమాను మళ్ళీ ప్రదర్శించారు.

ఎలా చూడాలి?

మూకీ అనగానే మనుషులు గబగబా పరుగెత్తే బొమ్మలు గుర్తొస్తాయి. అది సినిమా తప్పు కాదు. అప్పట్లో సెకనుకు సుమారు 16 నుంచి 22 ఫ్రేముల వేగంతో తీసేవారు. దాన్ని ఇప్పటి 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే అలా కనిపిస్తుంది. సరైన వేగంతో ఉన్న కాపీ చూస్తే నటన మామూలుగానే ఉంటుంది.

రెండవది రంగు. చాలా ప్రింట్లకు రంగు అద్దేవారు. రాత్రికి నీలం, దీపం వెలుగుకు పసుపు. నోస్ఫెరాటు రాత్రి సన్నివేశాలను పగలే తీశారు. నీలం అద్దకం లేని కాపీలో పిశాచి పట్టపగలు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఎండ తగిలితే చచ్చిపోయే పిశాచి ఎండలో నడుస్తుంటే కథే అర్థం కాదు.

మూడవది కెమెరా. 'చివరి మనిషి'లో ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ కెమెరాను ఒంటికి కట్టుకుని తిరిగాడు. తాగిన మనిషికి గది ఎలా తిరుగుతుందో కెమెరాయే తిరిగి చూపిస్తుంది. ఏ షాటులో కెమెరా ఎందుకు కదిలిందో, నీడ ఎవరి మీద పడిందో గమనించండి. ఒకసారి కథ కోసం, రెండోసారి వెలుతురు కోసం చూడండి.

నాలుగవది సంగీతం. హాలులో పియానోనో వాద్యబృందమో ఎదుటే వాయించేవారు. ఇప్పటి కాపీల్లో వినిపించేది చాలాసార్లు తర్వాత చేర్చినది. నచ్చకపోతే శబ్దం ఆపేసి చూసినా నష్టం లేదు.

ఎలా సేకరించాలి?

సేకరణకు డబ్బు కావాలనుకుంటారు. మెట్రోపోలిస్ అసలు పోస్టరు ఒకటి 2005లో 6,90,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అది మన దారి కాదు. మనకు కావలసింది ఒక నోటుపుస్తకం, ఓపిక.

సినిమా పేరుతో పాటు ఏ కాపీ చూశామో రాసుకోవడం మొదటి సూత్రం. మెట్రోపోలిస్ పేరుతో 1984లో జార్జియో మొరోడర్ పాప్ పాటలు కలిపి చేసిన గంటన్నర లోపు కాపీ ఉంది, 2001లో బాగుచేసిన రెండు గంటల కాపీ ఉంది, 2010 నాటి రెండున్నర గంటల కాపీ ఉంది. పేరు ఒకటే, చూసేది మూడు సినిమాలు. పైగా ఆ రోజుల్లో స్వదేశానికి ఒకటి, విదేశాలకు ఒకటి అంటూ వేర్వేరు నెగటివ్‌లు తీసేవారు. 'చివరి మనిషి'కి అలా మూడు ఉండేవి. కాబట్టి నిడివి, బాగుచేసిన సంవత్సరం, బాగుచేసిన సంస్థ, అద్దకం ఉందా లేదా, సంగీతం ఎవరిది అనే ఐదు వివరాలు రాసుకోండి. వీస్‌బాడెన్‌లోని మూర్నౌ ఫౌండేషన్ (1966) బాగుచేసిన కాపీలు నమ్మదగినవి. పాత సినిమాకు హక్కులు తీరిపోయినా కొత్త సంగీతానికి, కొత్త సబ్‌టైటిళ్ళకు వేరే హక్కులుంటాయి. కాబట్టి దొంగ కాపీల జోలికి పోకండి. హైదరాబాదులోని గోథె జెంట్రుమ్ వంటి జర్మన్ సాంస్కృతిక కేంద్రాల ప్రదర్శనల మీద కూడా ఒక కన్నేసి ఉంచండి.

ఇంకో ముఖ్యమైన మాట. మీ ఊళ్ళో పాత టూరింగ్ టాకీసు సామాన్లలో నిజమైన రీలు డబ్బాలు కనిపిస్తే, అవి తెలుగువైనా సరే, ఆడించి చూడాలని ప్రయత్నించకండి. నైట్రేట్ అయితే ప్రాణాపాయం. నిప్పుకు, ఎండకు దూరంగా ఉంచి, పూణేలోని జాతీయ ఫిల్ము సంగ్రహాలయానికి తెలియజేయండి. 1964లో మొదలైన ఆ సంస్థ 2022 నుంచి ఎన్.ఎఫ్.డి.సి. కింద ఉంది. ఫాల్కే చిత్రాల రీళ్ళను వెతికి తెచ్చిన పి.కె. నాయర్ గారు కట్టి నిలబెట్టిన సంస్థ అది.

మనకేమిటి?

మొదట్లో అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను.

జర్మన్ మూకీల్లో పనిచేసిన ఫ్రాంజ్ ఆస్టెన్ అనే దర్శకుడు 1925లో హిమాంశు రాయ్‌తో కలిసి మన దేశంలో బుద్ధుని కథను 'ప్రేమ్ సన్యాస్' పేరుతో తీశాడు. 1934లో హిమాంశు రాయ్, దేవికారాణి బాంబే టాకీస్ స్థాపించినప్పుడు ఆస్టెన్, ఛాయాగ్రాహకుడు జోసెఫ్ విర్షింగ్ అందులో చేరారు. దేవికారాణి పుట్టింది మన వాల్తేరులోనే. ఈ ముగ్గురూ పనిచేసిన 1936 నాటి చిత్రం 'అచ్ఛూత్ కన్య'. రైల్వే గేటు కాపలాదారు కూతురైన అంటరాని అమ్మాయికీ, బ్రాహ్మణ యువకుడికీ మధ్య ప్రేమకథ. మన తెలుగులో గూడవల్లి రామబ్రహ్మం గారి 'మాలపిల్ల' రావడానికి రెండేళ్ళ ముందటి సంగతి. బెర్లిన్, మ్యూనిక్ స్టూడియోల్లో నేర్చుకున్న వెలుగునీడల పని ఆ విధంగా మన కథల్లోకి వచ్చింది.

'అచ్ఛూత్ కన్య'లో చివరికి ఆ అమ్మాయి రైలుకు అడ్డంపడి చనిపోతుంది. అంటరాని పిల్ల మంచితనాన్ని ఒప్పుకోవడానికి ఆమెను చంపవలసిన అవసరం ఏమిటని మనం ఈరోజు నిలదీసి అడగవచ్చు. ఎందుకంటే ఆ సినిమా ఉంది. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాష్ తీసిన తొలి తెలుగువారి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ'ను మనం ఏమీ అడగలేం, మెచ్చుకోలేం కూడా. దాని ప్రింటు లేదు. మన దేశంలో 1,300 దాకా మూకీలు తీశారంటారు. మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని.

పెద్దవాళ్ళ చరిత్రను దాచడానికి గ్రంథాలయాలు ఉంటాయి, ప్రభుత్వాలు ఉంటాయి. మనవంటివారి చరిత్రను మనమే దాచుకోవాలి. మన హాస్టల్ పాత సంచికలు, గ్రూపు ఫొటోలు, నాటకం కాగితాలు, వీడ్కోలు సభ వీడియో క్యాసెట్లు ఇప్పుడు ఎన్ని ఉన్నాయో ఎవరికైనా తెలుసా? ఈ సంచిక అందుకున్న పూర్వ విద్యార్థులు తమ ట్రంకుపెట్టెలో ఏమున్నాయో ఒకసారి తీసి చూడండి. ఫొటో వెనుక సంవత్సరం, ఊరు, అందులో ఉన్నవారి పేర్లు పెన్సిలుతో రాయండి. ఒక ప్రతి హాస్టల్ గ్రంథాలయానికి ఇవ్వండి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు ఒక ఆదివారం అందరూ కలిసి కూర్చుని 'చివరి మనిషి' చూడండి. చూశాక ఆ ముసలాయన గురించి నాలుగు వాక్యాలు రాసి, తేదీ వేసి, దాచుకోండి.

— ఒక పూర్వ విద్యార్థి